గుంపు మేస్త్రి యాడున్నడు? మూడు బాలేల రాత్రిని ఎట్లా చూడాలి

మూడో బాలే ముగిసి తెర నల్లబడ్డాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ముందుగా నోరు తెరిచింది కోస్గి అక్క.

"అందరు లైన్ల నిలవడ్డరు. కోట్లు ఇప్పిన్రు, మోసిన్రు, మళ్ల నడిచిన్రు. మరి వీళ్ల గుంపు మేస్త్రి యాడున్నడు తమ్మీ?"

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో ఒక మిత్రుడి ఇంట్లో, హాలు గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ మీద చూశాం. పన్నెండు మందిమి ఉన్నాం. కూచిపూడి నేర్పే టీచరమ్మ వచ్చింది. జమిడిక మీద ఎల్లమ్మ కథ చెప్పే బైండ్ల తాత వచ్చాడు. మిత్రుడి కూతురు ఇంజినీరింగ్ చదువుతుంది, సెలవులకు వచ్చి ఉంది. కోస్గి అక్క స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టడానికి బట్ట కొనుక్కోవడానికని ఊర్లోకి వచ్చి, ఆ ఇంట్లో ఆగింది. పెళ్లయిన కొత్తలో, కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట పుణెలో, ముంబైలో బిల్డింగు పనులకు పోయిన మనిషి.

మేం చూసింది లండన్ రాయల్ బాలే వాళ్లు 2019 మే నెలలో రాయల్ ఒపేరా హౌస్‌లో ఆడిన ట్రిపుల్ బిల్ డిస్క్. మొదటిది క్రిస్టఫర్ వీల్డన్ కూర్చిన 'వితిన్ ద గోల్డెన్ అవర్'. రెండోది సిదీ లార్బీ షెర్కావీ 'మెడూసా'. మూడోది క్రిస్టల్ పైట్ 'ఫ్లైట్ ప్యాటర్న్'. అయిపోయినంక చాయ్ తాగుతూ మాట్లాడుకుంటే, పన్నెండు మందీ పన్నెండు ప్రదర్శనలు చూసినట్టనిపించింది. అమ్మాయికి మొదటిది తప్ప మిగతావి బరువనిపించాయి. తాతకు మొదటిది "ఒట్టి ఎగురుడు". టీచరమ్మ రెండోదానిలో లోపాలు లెక్కపెట్టింది. అక్కకు మూడోది ఒక్కటే గుర్తుంది.

ఎవరికి అర్థమైంది, ఎవరికి కాలేదు అని తేల్చేస్తే ఇక్కడ పొరపాటు చేసినట్టే. నా మటుకు నాకు నలుగురూ సరిగానే చూశారు. కాకపోతే ఒకరు ఒకదానికి అడగాల్సిన ప్రశ్నను ఇంకొకదానికి అడిగారు. ట్రిపుల్ బిల్ చూసి బయటికొచ్చిన ఏ ఊరి ప్రేక్షకులైనా ఇట్లాగే చీలిపోతారు. ఎందుకు చీలిపోతారో విప్పి చెప్పాలంటే ఆ అమరిక దగ్గర మొదలుపెట్టాలి.

ట్రిపుల్ బిల్ అంటే ఒకే టికెట్టు మీద, ఒకే రాత్రి, మూడు పొట్టి బాలేలు. ఒక్కోటి అరగంట, ముప్పావుగంట. నడుమ రెండు విరామాలు. మూడింటికీ సంగీతం వేరు, కొరియోగ్రాఫర్ వేరు, ఒకదాని పాత్రలు ఇంకొకదానిలోకి రావు. బాలే అనగానే చాలామందికి తట్టే 'స్వాన్ లేక్' ఈ తీరుది కాదు. 1877లో మాస్కోలో మొదలైన ఆ బాలే నాలుగు అంకాల నిండు కథ. మన దగ్గర చిందు భాగవతం రాత్రంతా ఒకే కథను నడిపినట్టు నడుస్తుంది. ట్రిపుల్ బిల్ మాత్రం కూచిపూడి కచేరీకి దగ్గర. అక్కడ జతిస్వరం అయినాక శబ్దం, తర్వాత పళ్లెం అంచు మీద తరంగం, పదం, తిల్లానా. జతిస్వరంలో కథేదని అడిగేవాళ్లు లేరు. పదంలో కథానాయిక ఎవరి మీద అలిగిందని అందరూ అడుగుతారు. ఒకే మనిషి, ఒకే రాత్రి, ఒక్కో అంశానికి ఒక్కో తీరుగా చూస్తాడు. ఈ అలవాటు మనకు ఉన్నదే. బాలే పేరు వినగానే దాన్ని ఇంట్లో మరిచిపోయి పోతాం.

పొట్టి బాలేల రాత్రిని ఐరోపాలో పైకి తెచ్చింది సెర్గే డియాగిలెవ్ నడిపిన 'బాలే రూస్' బృందం. 1909లో వాళ్లు పారిస్‌లో దిగారు. ఆ బృందం చరిత్రలో 1913 మే 29 రాత్రి గురించి అందరూ చెప్తారు. స్ట్రావిన్‌స్కీ సంగీతం, నిజిన్‌స్కీ నృత్యరచనతో 'రైట్ ఆఫ్ స్ప్రింగ్' మొదటిసారి ఆడిన రాత్రి అది. ప్రేక్షకుల అరుపులకు సంగీతం వినబడక, నిజిన్‌స్కీ వేదిక పక్కన చాటున కుర్చీ ఎక్కి నర్తకులకు లెక్క అరిచి చెప్పాల్సి వచ్చింది.

అంతగా చెప్పని సంగతి ఒకటుంది. ఆ రాత్రి ఆడింది అదొక్కటే కాదు, నాలుగు బాలేలు. మొట్టమొదట వేసింది ఫోకిన్ కూర్చిన 'లే సిల్ఫీడ్'. షోపిన్ సంగీతానికి తెల్లబట్టల నాట్యగత్తెలు వెన్నెల్లో ఆడతారు, అంతే. కథ లేదు. దానికి ఎవరూ గొడవ చేయలేదు. గొడవైన 'రైట్ ఆఫ్ స్ప్రింగ్‌'కు కథ ఉంది. ఊరి కోసం ఒక పిల్లను ఎంచి, చచ్చేదాకా ఆడించే కథ. అంటే ఆ ప్రేక్షకులకు తగిలింది కథ లేకపోవడం కాదు. అప్పటిదాకా బాలే కాళ్లు బయటికి తిరిగి ఉంటాయి, ఒళ్లు గాల్లో తేలుతుంది. ఈ కాళ్లు లోపలికి తిరిగాయి, వీపులు వంగాయి, పాదాలు నేలను గుద్దాయి. అరగంట కిందట చూసిన తెల్లబట్టల వెన్నెల కళ్లలో ఇంకా ఉండగానే ఇది వచ్చింది. ఈ వరుస లేకుంటే అంత రగడ జరిగేదా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

కాబట్టి "కథ లేదు, అందుకే ఎక్కలేదు" అని ఎవరైనా అంటే నేను వెంటనే ఒప్పుకోను. చాలాసార్లు కంటికి కొత్తగా ఉన్నది ఒళ్లు. కథ మీదికి నెపం పోతుంది.

ఆ ఒంటి సంగతి కొంచెం చెప్పుకోవాలి. బాలే శిక్షణలో తుంటి దగ్గర నుంచే కాళ్లను బయటికి తిప్పుతారు. వెన్ను నిటారుగా ఉంటుంది. ఆడవాళ్లు మునివేళ్ల మీద నిలబడే బూటు వేసుకుంటారు. 1832లో పారిస్‌లో మారీ టాల్యోనీ ఆడిన 'లా సిల్ఫీడ్' తర్వాత ఆ మునివేళ్ల నిలుపు బాలేకు గుర్తయిపోయింది. మనిషికి బరువే లేదన్నట్టు కనిపించడం దాని పరమార్థం. కూచిపూడిలో, పేరిణిలో అరమండి వేసి నేలను అడుగుతో కొడతాం. నేల మనకు వాయిద్యం, వాళ్లకు వదిలి పోవాల్సిన చోటు. సమకాలీన బాలే ఈ రెండో ఆలోచనను పట్టుకుని గుంజింది. కాళ్ల శిక్షణ అదే, కానీ వెన్ను పాములా కదులుతుంది. తూకం తప్పేదాకా ఒళ్లు వాలుతుంది, పడబోయి ఆగుతుంది. విలియం ఫోర్సైత్ 1987లో పారిస్ ఒపేరా కోసం చేసిన బాలేలో ఈ వాలుడు, ఈ పదును బాగా కనిపిస్తాయి. తర్వాత వచ్చిన చాలామంది ఆ దారిలో కొంతదూరం నడిచినవాళ్లే. తాత 'ఒట్టి ఎగురుడు' అన్నప్పుడు ఆయన కన్ను ఈ తేడాను పట్టుకున్నదనే నేననుకున్నా. ఆయన లెక్కలో ఆట అంటే నేలను తొక్కాలి.

ఇక మొదటి బాలే. సూర్యుడు దిగిపోయే ముందరి బంగారు వెలుతురును ఫొటోలు తీసేవాళ్లు గోల్డెన్ అవర్ అంటారు. మనకైతే గోధూళి వేళ, పశువులు మళ్లే పొద్దు. ఏడు జంటలు, తీగ వాద్యాలు, ఎజియో బోస్సో సంగీతం, నడుమ కొంత వివాల్డి. వీల్డన్ దీన్ని 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో బాలే కోసం చేశాడు. జంటలు వస్తాయి, కలుస్తాయి, పోతాయి. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పరు. "దీంట్ల అర్థం చేసుకోవాల్సిన పనే లేదు, అందుకే మంచిగుంది" అంది అమ్మాయి. తాత తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు టీచరమ్మ ఒక మాట చెప్పింది, ఆ రాత్రి చర్చంతా దాని చుట్టే తిరిగింది. అభినయదర్పణం అనే పాత నాట్యగ్రంథంలో నృత్తానికి ఇచ్చిన నిర్వచనం అది: భావాభినయం లేనిది నృత్తం, రసభావాలు తోడైతే నృత్యం. నాట్యశాస్త్రం నాలుగో అధ్యాయంలో మునులు భరతుణ్ని నిలదీస్తారు. పాట అర్థంతో పొత్తు లేని ఈ నృత్తం ఎందుకు పెట్టారని అడుగుతారు. దానికి భరతుడి జవాబు చిన్నది: నృత్తం ఏ అర్థాన్నీ కోరదు, శోభ కోసం వచ్చింది. తాత అడిగింది అచ్చంగా ఆ మునుల ప్రశ్నే. ఇది పాతకాలపు సందేహం, బాలే తెచ్చిన కొత్త ఇబ్బంది ఏమీ కాదు.

కాకతీయ గణపతిదేవుని సేనాని జాయప 13వ శతాబ్దంలో నాట్యం మీద గ్రంథం రాస్తూ పేరులోనే నృత్తాన్ని పెట్టుకున్నాడు: నృత్తరత్నావళి. ఎనిమిది అధ్యాయాల్లో సగం దేశి ఆటలకు ఇచ్చాడు, కోలాటం లాంటి దండరాసకానికి కూడా అందులో చోటుంది. కోలాటంలో కథేది? కర్ర కర్రకు తగలాలి, గుండ్రం చెదరకుండా తిరగాలి. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆడవాళ్ల పాటలో కథ ఉండొచ్చు, అడుగులో ఉండదు. ఇదంతా తాతకు చెప్తే, "మరి బతుకమ్మల నేను సూసేది గా గుండ్రాన్నే గదా" అన్నాడు. అంతకన్నా మంచి చూపు వీల్డన్ బాలేకు అక్కర్లేదు. ఎవరి ముఖం కాదు, ఏడు జంటలు చోటును ఎట్లా నింపుతున్నాయి, ఎప్పుడు ఖాళీ చేస్తున్నాయి అని చూడాలి. నా వరకు అది అందంగానే ఉంది కానీ ఒక్క కదలికా మర్నాటికి గుర్తులేదు. శోభ ఉంది, పట్టు లేదు.

రెండోది మెడూసా. ఇక్కడ కథ అడగొచ్చు, అడగాల్సిందే. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ప్రకారం, అందగత్తె మెడూసాను దేవత గుళ్లోనే సముద్రదేవుడు చెరుస్తాడు. దేవత శిక్ష మాత్రం అతనికి వేయదు, ఆమెకు వేస్తుంది. జుట్టు పాములవుతుంది, ఆమెను చూసినవాళ్లు రాయైపోతారు. చివరకు పెర్సియస్ అనే వీరుడు వచ్చి తల నరుకుతాడు. మెడూసాగా నటాలియా ఒసిపోవా ఆడింది.

టీచరమ్మ ఫిర్యాదు అభినయం గురించి. శిక్ష ఎందుకు పడిందో, దేవతకు కోపం ఎవరి మీదో ఒంటితో సరిగా తెలియలేదని ఆమె అంది. న్యాయమైన ఫిర్యాదే, దాని వెనక బాలేకున్న పాత చిక్కు ఒకటుంది. జార్జ్ బాలన్‌షీన్ అనే మహా కొరియోగ్రాఫర్ బాలేలో అత్తగార్లు ఉండరని అనేవాడు. ఇద్దరు మనుషులు ఆడుతుంటే ప్రేమో, పగో తెలుస్తుంది గానీ, ఈమె అతనికి అత్త అని ఒంటితో చెప్పలేమని ఆయన భావం. 19వ శతాబ్దపు బాలేలో కొన్ని చేతి గుర్తులు ఉండేవి. ఉంగరం వేలు చూపిస్తే పెళ్లి, పిడికిళ్లు అడ్డంగా కలిపితే చావు. తర్వాతి కాలం వాటిని చాలావరకు వదిలేసింది.

ఈ మాట విని టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, అభినయదర్పణంలోని బాంధవ హస్తాలు ఒక్కొక్కటే పట్టి చూపించింది. దంపతులకు ఒకటి, తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, అత్తకు ఒకటి, మామకు ఒకటి. ఆడబిడ్డకు ఉంది, కోడలికి ఉంది, సవతికి కూడా ఉంది. మొత్తం పదకొండు. అత్త హస్తం దగ్గర కోస్గి అక్క గట్టిగా నవ్వింది. బాలన్‌షీన్ లేదన్న అత్తగారు మా మిత్రుడి హాల్లో నిలబడ్డది. కూచిపూడి అలవాటైన కన్ను మెడూసాలో వెతికింది ఈ హస్తాన్నే. దొరకనప్పుడు నాట్యకారిణి భావం చూపలేదనుకోవడం సహజం. కానీ బాలేకు ఆ నిఘంటువు లేదు. ఒకరికొకరు ఎంత దూరంలో ఉన్నారు, ఎవరు ఎవరిని ఎత్తుతున్నారు, ఎవరి బరువు ఎవరి మీద పడుతుంది, వీటితోనే అది సంబంధాలు చెప్పుకోవాలి. సముద్రదేవుడు మెడూసాను పట్టుకున్నప్పుడు ఆమె బరువు ఆమె అదుపులోంచి ఎట్లా జారిపోయిందో చూస్తే, జరిగింది తెలుస్తుంది.

తాత అభ్యంతరం పూర్తిగా వేరు. ఆయనకు కథ బాగానే తెలిసింది, మాకందరికంటే ముందే తెలిసింది. జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి తల నరికిన కథ ఆయన నోట్లో నలభై ఏండ్లుగా ఉంది. "తల తెగినంకనే రేణుక ఎల్లమ్మయింది. అసలు కథ ఆడ మొదలైతది. వీళ్లు ఆడనే దుకాణం బంద్ వెట్టిన్రు" అన్నాడు. పాలమూరు పల్లెల్లో ఎల్లమ్మ గుడి లేని ఊరు వెతికితే గానీ దొరకదు. అలంపురం మ్యూజియంలో తల ఉండాల్సిన చోట తామరపువ్వు ఉన్న దేవత రాతిబొమ్మ ఉంది, ఆ బొమ్మ ముందు నిలబడ్డవాళ్లకు తాత మాట వెంటనే అర్థమవుతుంది. తల పోయిన ఆడమనిషిని మనవాళ్లు దేవతను చేసి, బోనమెత్తి, రాత్రంతా కథ చెప్పి ఆమెకు మాట తిరిగి ఇచ్చారు. గ్రీకుల కథలో మెడూసా తల ఆ శిక్ష వేసిన దేవత డాలు మీదికే పోయింది. షెర్కావీ ఆమె వైపు నిలబడ్డాడు, ఆమె నొప్పిని మధ్యలో పెట్టాడు. కానీ తాత అడిగినంత దూరం పోలేదు. కొత్త కథ అని విమర్శకులు రాసేదాన్ని, అంతకంటే ముందుకు పోయిన కథ తెలిసినవాడు చూస్తే ఇట్లాగే ఉంటుంది.

ఇక మూడోది. దీనికి కథ అడిగితే పొరపాటు, శోభ అడిగినా పొరపాటే.

ఐరోపా సరిహద్దుల్లో కాందిశీకుల వరుసలు రోజూ టీవీలో కనిపించిన కాలం తర్వాత, 2017లో క్రిస్టల్ పైట్ 'ఫ్లైట్ ప్యాటర్న్' చేసింది. ముప్పై ఆరు మంది, అందరికీ ముదురు కోట్లు. మొదట వరుసగా నిలబడి ఊగుతారు. ఒకరి భుజం ఇంకొకరి భుజాన్ని తోస్తుంది, ఆ తోపు వరుస చివరిదాకా పోయి ఆగుతుంది. ఎవరూ పాత్ర కాదు. కొన్నిసార్లు ఒకరిద్దరు విడిపడతారు, మళ్లీ గుంపులో కలిసిపోతారు. కోటును పసిబిడ్డలా ఎత్తుకున్న ఒక తల్లి ఉంది. ఆమె మీద ఒక్కొక్కరు తమ కోటు వేసుకుంటూ పోతారు, కుప్ప పెరిగిపోతుంది. అందరూ వెళ్లిపోయాక ఇద్దరు వెనక మిగిలిపోతారు.

వినిపించే సంగీతం పోలండ్ సంగీతకారుడు గొరెట్స్కీ 1976లో రాసిన మూడో సింఫనీలో మొదటి భాగం. కింది స్వరంలో డబుల్ బేస్ వాద్యాలతో మొదలై, మెల్లగా పైకెక్కి, నడుమ ఒక ఆడగొంతు వచ్చి, మళ్లీ వచ్చిన దారినే కిందికి దిగిపోతుంది. ఆ పాట పోలిష్ భాషలో ఉంది. మా హాల్లో ఒక్కరికీ ఒక్క ముక్కా రాదు. అయినా గొంతు మొదలైన కాసేపటికే అక్క, "కొడుకు సచ్చిపోతుండు ఆమెకు" అంది, ఎవరినీ అడగకుండా, తనలో తాను అనుకున్నట్టు. ఆ పాట 15వ శతాబ్దపు విలాపం. శిలువ మీద చనిపోతున్న కొడుకును, నీ గాయాలు నాతో పంచుకో అని మరియమ్మ బతిమాలుకునే పాట. నేను తర్వాత ఆ అర్థం చెప్తే అక్కకు ఆశ్చర్యమేమీ కలగలేదు. శవం ముందు ఏడ్చే ఏడుపుకు ఒక రాగం ఉంటుందని, అది ఎక్కడైనా ఒకటేనని ఆమెకు తెలుసు.

ఇప్పుడు ఆమె అడిగిన గుంపు మేస్త్రి దగ్గరికి రావాలి. పాలమూరు లేబర్ అనే మాట ఈ దేశంలో ఆనకట్టలు కట్టిన చోటల్లా తెలుసు. మేస్త్రి ఊర్లోకి వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. కుటుంబాలు కుటుంబాలు లెక్కగట్టి, బస్సెక్కించి తీసుకుపోతాడు. ఆ అప్పు తీరేదాకా గుంపులోంచి బయటికి రావడం ఉండదు. వలస అంటే అక్కకు నడక ఒక్కటే కాదు. ఎవరు పిలిచారు, ఎంత ఇచ్చారు, ఎవరి చేతిలో రాత పుస్తకం ఉంది అనే లెక్క కూడా వలసే. ఫ్లైట్ ప్యాటర్న్‌లో ఆ లెక్క లేదు. వాళ్లను ఎవరు తరిమారో కనబడదు. ఎవరు ఆపారో తెలియదు, ఒక పెద్ద నల్లగోడ మాత్రం ఉంటుంది.

ఇది లోపమా? చాలాసేపు వాదించుకున్నాం. గోడకు ముఖం లేకపోవడమే దాని బలం, సరిహద్దు దగ్గర నిలబడ్డవాడికి ఏ అధికారి ముఖమూ గుర్తుండదని మిత్రుడు అన్నాడు. నేను సగం ఒప్పుకున్నా. పైట్ కారణం చెప్పదు, స్థితి చూపిస్తుంది. ముప్పై ఆరు ఒళ్లు ఒకే ఊపిరితో కదిలితే, ఒక్కడు ఏడ్చినదానికంటే ఎక్కువ బరువు వస్తుంది. బాలేకు అది చేతనవును, ఏ ఉపన్యాసానికీ చేతకాదు. కానీ అక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. బాధకు కారకుణ్ని తీసేస్తే, చూసేవాడు జాలి పడి ఇంటికి పోవడం తేలికవుతుంది. రెండు వేల పైచిలుకు సీట్ల ఒపేరా హౌస్‌లో మంచి కోటు వేసుకొచ్చి కూర్చున్నవాళ్లకు ఈ బాలే ఎంత తగిలినా, మేస్త్రి ఎవరని వాళ్లకు తట్టి ఉంటుందా? ఆ ప్రశ్న పుట్టడానికి పుణె బస్సెక్కిన ఒళ్లు కావాల్సి వచ్చింది.

ప్రేక్షకుల మాటలు చీలిపోవడానికి చిన్న కారణాలూ ఉన్నాయి, క్లుప్తంగా చెప్పి ముగిస్తా. మేం చూసింది కెమెరా చూపించినది. గుంపే ప్రాణమైన మూడో బాలేలో కెమెరా దగ్గరికి పోయినప్పుడల్లా గుంపు విరిగిపోయింది. పై బాల్కనీలో చవక సీటులో కూర్చున్నవాడికి ముఖాలు కనబడవు గానీ, ఆ వరుస మొత్తం వంకర తిరిగే తీరు ముందువరుస వాళ్లకంటే బాగా కనబడుతుంది. రెండోది అలసట. రెండు బాలేలు చూసి, రెండు విరామాల్లో మాట్లాడి వచ్చిన కన్నుతో మూడోదాన్ని చూస్తాం. చాలా బిల్లుల్లో బరువైనది చివరికి పెట్టడం వల్ల, మొదటిది ఎంత మంచిదైనా మర్నాటికి పల్చబడిపోతుంది. వీల్డన్ విషయంలో నా తీర్పులో కూడా ఈ అన్యాయం కొంత కలిసి ఉండొచ్చు.

అందుకే తాత ఒక సలహా ఇచ్చాడు. వచ్చే నెల ఇదే డిస్క్‌ను వెనక నుంచి ముందుకు వేయమన్నాడు. ముందు కోట్ల గుంపు, తర్వాత తలతెగిన ఆమె, చివరికి గోధూళి పొద్దు. ఎల్లమ్మ కొలుపులో పట్నం ముగ్గు వేసి చివర చెరిపినట్టు ఉంటదన్నాడు. టీచరమ్మ తన పెద్ద శిష్యురాళ్లు ఇద్దరిని తీసుకొస్తానంది.

వెళ్లేముందు అక్క కుర్చీ మీది శాలువా తీసుకుంది. తెరమీద ఆమె కోటు ఎత్తుకున్నట్టు రెండు మడతలేసి భుజానికి ఆనించింది. ఒక్క చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేయి తల మీదికి లేపి, లేని తట్టను పట్టుకుంది. నాలుగడుగులు అట్లాగే నడిచి చూపించింది. నడుము ఒక పక్కకు ఒరిగింది, మెడ కదల్లేదు. టీచరమ్మ కన్నార్పకుండా ఆ నడుమునే చూసింది. మరోసారి నడవమని అడిగింది. అక్క నడిచింది.

"వచ్చే నెల నేను మొదటిదానికే ఉంటా తమ్మీ" అంది చెప్పులేసుకుంటూ. "రెండోది అయ్యేసరికి కోస్గి బస్సు పోతది."